తుపాను వెళ్లాక మిగిలే పని: చెన్నై సహాయ కేంద్రంలో టెక్నాలజీ వాడకాన్ని సమీక్షించే విధానం

చెన్నైకి వానలు తెచ్చే ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలై డిసెంబరు చివరికి నెమ్మదిస్తాయి. ఆ మూడు నెలల్లో ఏ వారమో పది రోజులో రాత్రింబవళ్లు నడిచిన సహాయ కేంద్రాలు సంక్రాంతి వచ్చేసరికి మూతపడతాయి. దుప్పట్ల లెక్క, విరాళాల లెక్క ఆడిటరుకు చేరతాయి, వాలంటీర్లకు శాలువాలు కప్పుతారు, ల్యాప్‌టాపులను ఎవరివి వారు పట్టుకుపోతారు. ఆ గదిలో వాడిన ఫోన్లు, మొరలు నమోదు చేసే కంప్యూటరు షీట్లు, వాట్సాప్ గ్రూపులు, మ్యాపులు నిజంగా ఎంత అక్కరకు వచ్చాయన్న లెక్క మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. మళ్లీ అక్టోబరులో ఎవరో ఒకరు కొత్త యాప్ పేరు చెబుతారు, అందరూ తలూపుతారు, పాత ఇబ్బందే కొత్త తెరమీద కనబడుతుంది.

ఈ మార్గదర్శి ఎళిలగంలోని రాష్ట్ర అత్యవసర కార్యకలాపాల కేంద్రం కోసం గానీ, రిప్పన్ భవనంలోని కార్పొరేషన్ కంట్రోల్ రూమ్ కోసం గానీ రాసినది కాదు. వాటికి చేదోడుగా పది మందితోనో నలభై మందితోనో నడిచే సంఘాల, ట్రస్టుల, అపార్టుమెంటు సమాఖ్యల కేంద్రాలను దృష్టిలో పెట్టుకుని రాశాను. మాది కల్యాణ మండపం వెనక, వంటపాత్రలు పెట్టుకునే గది. ఫోను ఎత్తేవారిలో సగం మందికి తెలుగు ఇంటి భాష, అందరికీ తమిళం వీధి భాష.

2023 డిసెంబరు 4న, మిచాంగ్ తుపాను బాపట్ల వైపు సాగుతూ చెన్నైని ముంచెత్తిన రోజున, వేళచ్చేరిలో ఒక గర్భిణి మేడమీద చిక్కుకుపోయారన్న సందేశం మా గదికి వచ్చింది. ఆమెను మధ్యాహ్నానికే పడవలో దాటించారు. అదే సందేశం మరునాడు సాయంత్రం దాకా వేరువేరు గ్రూపుల నుంచి మాకు వస్తూనే ఉంది, మా వాలంటీర్లు ఆ కుటుంబానికి మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తూనే ఉన్నారు. వాట్సాప్ ఆ రోజు క్షణం కూడా ఆగకుండా పని చేసింది కాబట్టి, పరికరం బాగుందా లేదా అని మాత్రమే అడిగే సమీక్షకు ఈ లోపం చిక్కదు. ఒక మొర ఏ దారిన వచ్చి, ఎవరి చేతిలో ఎంతసేపు ఆగి, ఎక్కడ ముగిసిందో వెతికే సమీక్షకు మాత్రమే చిక్కుతుంది. కింద చెప్పిన పద్ధతి అంతా ఆ వెతుకులాటే.

మొదటి మెట్టు: ఆధారాలు చెదిరిపోకముందే భద్రపరచడం

కేంద్రం మూసిన రోజునే ఈ పని మొదలుకావాలి, ఎందుకంటే ఆధారాలు మన జ్ఞాపకాల కంటే వేగంగా మాయమవుతాయి. గ్రూపులో సందేశాలు వాటంతటవే చెరిగిపోయే ఏర్పాటు ఎవరైనా పెట్టి ఉంటే ముందు దాన్ని ఆపించండి. ప్రతి గ్రూపు సంభాషణనూ ఫైలుగా దింపుకోండి. షీటుకు ఆనాటి నకలు ఒకటి తీసి, దాన్ని ఎవరూ దిద్దకుండా తాళం వేయండి. వాలంటీర్ల ఫోన్లలోని కాల్ జాబితాను, వారి అనుమతితో, సహాయ కేంద్రానికి సంబంధించినంత వరకే స్క్రీన్‌షాట్లు తీయించండి. కాగితపు రిజిస్టర్లను, తెల్లబోర్డు ఫొటోలను, చింపిన నోటు పుస్తకం పేజీలను కూడా ఒకే అట్టపెట్టెలో వేయండి. మా అనుభవంలో అన్నిటికంటే నమ్మదగిన సాక్ష్యం తడిసి ఆరిన ఆ రిజిస్టరే అయింది, ఎందుకంటే అందులో కొట్టివేతలు కూడా కనిపిస్తాయి.

సమీక్షను మూడు వారాల లోపు ముగించేలా తేదీలు వేసుకోండి. నడిపే బాధ్యతను షీటు తయారుచేసిన వ్యక్తికి గానీ, యాప్ కొనమని పట్టుబట్టిన వ్యక్తికి గానీ అప్పగించవద్దు. వారి నిజాయతీని శంకించి కాదు, తాము కట్టిన ఇంటికి పగుళ్లు వెతకడం ఎవరికైనా కష్టమే కాబట్టి. గదిలో కనీసం రెండు షిఫ్టులు కూర్చుని, ఏ నిర్ణయంలోనూ పెద్దగా పాలుపంచుకోని ఒకరిని, బయటి సంఘం నుంచి ఇంకొకరిని ఎంచుకుంటే చాలు.

రెండో మెట్టు: నిజంగా వాడినవాటి జాబితా

కొన్నవాటి జాబితా వేరు, వాడినవాటి జాబితా వేరు. కావలసింది రెండోది. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ‘నీ షిఫ్టులో చేతికి ఏం తీసుకున్నావు?’ అని అడిగి రాసుకోండి. ప్రతి వస్తువుకూ అది ఎవరిది, బిల్లు ఎవరు కడుతున్నారు, పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసు, ఆ వ్యక్తి నిద్రపోతే పని నడిచిందా అనే నాలుగు విషయాలు పక్కన చేర్చండి. మాకు ఈ జాబితాలోనే బయటపడిన సంగతి ఒకటుంది. కరపత్రంలో అచ్చయిన సహాయ నంబరు ఒక కళాశాల విద్యార్థి సొంత సిమ్ది. ఆ అబ్బాయి ఫోను రాత్రి 2 గంటలకు ఛార్జి అయిపోయి ఆగినప్పుడు మా కేంద్రం మొత్తం చెవిటిదైపోయింది, తెల్లవారేదాకా ఎవరికీ తెలియలేదు. ఆ రాత్రి ఫోన్లు రాకపోవడాన్ని మేము వాన తెరిపి ఇచ్చిందన్న సూచనగా అర్థం చేసుకున్నాం.

మూడో మెట్టు: ఇరవై మొరల వెంట నడవడం

సమీక్షకు ఇదే గుండెకాయ. సమయం చాలకపోతే మిగతావన్నీ తగ్గించుకోండి గానీ దీన్ని తగ్గించవద్దు.

మీ దగ్గర నమోదైన మొరల్లోంచి ఇరవైని తీయండి. త్వరగా తీరినవి ఐదు, బాగా ఆలస్యమైనవి ఐదు, చివరిదాకా ఏమయిందో తెలియనివి ఐదు, కళ్లు మూసుకుని తీసినవి ఐదు. ఒక్కొక్కదానికి ఐదు సమయాలు రాయండి: మొర చేరిన సమయం, అది ఎక్కడైనా నమోదైన సమయం, తిరిగి ఫోన్ చేసి నిర్ధారించుకున్న సమయం, పడవకో వైద్యుడికో ఆహార బృందానికో అప్పగించిన సమయం, తీరిందని మూసిన సమయం. ప్రతిసారీ ఐదూ దొరకవు. దొరకని గడిని ఊహతో నింపకుండా ఖాళీగా వదలండి, ఎందుకంటే ఏ గడి ఎక్కువసార్లు ఖాళీగా ఉందో అదే మీ వ్యవస్థలో చీకటి మూల.

మా రికార్డు నుంచి ఒకటి చూపిస్తాను. ముడిచూరు నుంచి ఉదయం 9:12కు ఫోను వచ్చింది, 9:14కు రిజిస్టరులో ఎక్కింది, 10:05కు షీటులో చేరింది, 10:20కి నిర్ధారణ అయింది, 10:27కు పడవ బృందానికి వెళ్లింది, 12:50కి వారు అక్కడికి చేరారు. షీటులో ‘తీరింది’ అని పడింది మాత్రం మరునాటి సాయంత్రం 6 గంటలకు. పడవ ఆలస్యంగా వెళ్లిందని, ఇంధనం లేదని మేము నెలంతా గొణుక్కున్నాం గానీ, మా చేతిలో ఉన్న ఆలస్యం రిజిస్టరుకూ షీటుకూ మధ్య పోయిన 51 నిమిషాలు. గదిలో టైపు చేసేవారు ఒక్కరే, ఫోను ఎత్తేవారు నలుగురు. దానికి మందు ఏ యాప్‌లోనూ లేదు, రెండో కుర్చీ వేసి ఇంకొకరిని కూర్చోబెట్టడంలో ఉంది. మూసివేత ఆలస్యం కావడం వల్ల జరిగిన నష్టం వేరు: ఆ మధ్యలో ఇంకో పడవ అదే ఇంటికి వెళ్లి ఖాళీగా తిరిగొచ్చింది.

సమయాల లెక్క కట్టేటప్పుడు సగటును నమ్మవద్దు. ఏడు మొరల నిర్ధారణకు వరుసగా 4, 6, 7, 9, 11, 14, 310 నిమిషాలు పట్టిందనుకోండి. సగటు దాదాపు 52 నిమిషాలు వస్తుంది, అంత సమయం పట్టిన మొర వాటిలో ఒక్కటీ లేదు. వరుసలో నడిమిది 9 నిమిషాలు, అదే మీ గది మామూలు వేగం. ఆ 310 నిమిషాలది మాత్రం విడిగా తీసి దాని కథ మొత్తం చదవవలసిన కేసు. నివేదికలో నడిమి విలువను, అన్నిటికంటే చెడ్డ విలువను పక్కపక్కన రాయండి.

ఈ నడకలో చిరునామా దగ్గర కచ్చితంగా ఆగవలసి వస్తుంది. చెన్నైలో ఎన్నో వీధుల్లో ఇంటికి పాత నంబరు ఒకటి, కొత్త నంబరు ఒకటి ఉంటాయి. ‘రెండో మెయిన్ రోడ్డు’ లేని నగర్ లేదు. పాత 14 అని చెప్పినదాన్ని కొత్త 14 అనుకుని పడవ తిప్పితే, నీళ్లలో ఆ పొరపాటు అరగంట తింటుంది. ఇరవైలో ఎన్నిటికి గుడి, ట్యాంకు, రేషన్ షాపు లాంటి గుర్తు రాసి ఉంది, ఎన్నిటికి మ్యాపు బిందువు ఉంది, ఎన్నిటికి రెండూ లేవు అని లెక్కించండి. వాట్సాప్ ద్వారా వచ్చే ఫొటోలో, అది తీసిన చోటు సమాచారం చెరిగిపోతుంది కాబట్టి, ఫొటో వచ్చింది గనక చోటు తెలిసినట్టే అని షీటులో రాసుకున్నవారు ఎంతమంది ఉన్నారో కూడా చూడండి. మా దగ్గర ముగ్గురు తేలారు.

చివరగా, ఇరవైలో ఎన్నిటిని ప్రభుత్వ వ్యవస్థకు అందజేశారో గుర్తించండి. రాష్ట్ర కేంద్రం 1070, జిల్లా కేంద్రం 1077, కార్పొరేషన్ 1913. అందజేసినప్పుడు అక్కడ ఇచ్చిన నమోదు సంఖ్యను మీరు రాసుకోకపోతే, ఆ మొరను మీరు అప్పగించలేదు, వదిలించుకున్నారంతే.

నాలుగో మెట్టు: కరెంటు పోతే, సిగ్నల్ పోతే

2015 డిసెంబరు 1 రాత్రి చెంబరంబాక్కం జలాశయం నుంచి 29,000 క్యూసెక్కుల నీరు వదిలాక అడయారు నది ఒడ్డున సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట, కోటూర్పురం మునిగాయి. విమానాశ్రయం రోజుల తరబడి మూతపడింది, చాలా ప్రాంతాల్లో కరెంటూ మొబైల్ సిగ్నలూ కలిసే పోయాయి. 2016 డిసెంబరు 12న వర్దా తుపానుకు చెట్లూ స్తంభాలూ కూలి మళ్లీ అదే జరిగింది. కాబట్టి ఈ ఊళ్లో సిగ్నల్ లేని గంటలను అరుదైన సంగతిగా తీసిపారేసే హక్కు మనకు లేదు.

ముందు బ్యాటరీ లెక్క కాగితం మీద వేయండి. 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఒకటి ఉంటే దానిలో ఉన్నది 1,800 వాట్-అవర్లు. ఇన్వర్టరులో పోయేదీ, బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదన్న జాగ్రత్తా తీసేస్తే అందులో 70 శాతం, అంటే 1,260 చేతికి వస్తుందనుకుందాం. రెండు ల్యాప్‌టాపులకు 120 వాట్లు, రౌటరుకు 10, నాలుగు ఎల్ఈడీ దీపాలకు 80, ఫోన్ల ఛార్జింగుకు 60, రెండు సీలింగ్ ఫ్యాన్లకు 150 కలిపితే 420 వాట్లు, సరిగ్గా మూడు గంటలు. ఫ్యాన్లు ఆపేస్తే నాలుగు గంటల నలభై నిమిషాలు. డిసెంబరులో ఫ్యాన్ లేకుండా కూర్చోగలం గానీ, ఆ ఆజ్ఞ ఎవరు ఇస్తారన్నది ముందే రాసి ఉండాలి, లేకపోతే ఎవరూ లేచి స్విచ్ కట్టరు. జనరేటరు ఉన్నవారు అది ఏ అంతస్తులో ఉందో చూడండి. సెల్లారులో ఉన్న జనరేటరును వరదకు పనికొచ్చే పరికరంగా జాబితాలో రాయవద్దు.

తరువాత కాగితం మీది లెక్కను పరీక్షించండి. ఒక ఆదివారం మెయిన్ స్విచ్ ఆపి, అందరి ఫోన్లలో మొబైల్ డేటా ఆపించి, రెండు గంటలపాటు పది ఉత్తుత్తి మొరలను నడపండి. కనెక్షన్ లేకున్నా నింపుకోగలిగే కోబో వంటి ఫారం ఏది, కనెక్షన్ లేకపోతే బొమ్మలా నిలబడే ఆన్‌లైన్ ఫారం ఏదన్నది అప్పుడు వాదన లేకుండా తేలుతుంది. శాటిలైట్ ఫోను గురించి ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. మన దేశంలో అనుమతి లేకుండా తురయా, ఇరిడియం ఫోన్లు దగ్గర ఉంచుకోవడం నేరం, అనుమతి ఉన్న సేవ బీఎస్ఎన్ఎల్ ద్వారా తీసుకోవచ్చు. విదేశాల నుంచి బంధువు తెచ్చిచ్చిన పరికరాన్ని ఎంత మంచి మనసుతో వాడినా చిక్కే. లైసెన్సు తీసుకుని అభిరుచితో సొంత రేడియో నడిపే హామ్ రేడియో మిత్రులతో ముందే పరిచయం పెంచుకోవడం నా దృష్టిలో ఇంతకంటే మేలు.

ఐదో మెట్టు: లిపి, పేరు, సందేశం

బయటి ఊళ్ల కోసం తయారైన మార్గదర్శుల్లో ఈ భాగం ఉండదు, మనకు మాత్రం తప్పదు. తమిళ లిపిలో క, గ ధ్వనులకు ఒకే అక్షరం, ప, బ ధ్వనులకు ఒకే అక్షరం. మన ‘బాబు’ తమిళ షీటులోకి వెళ్లి, యంత్రం చేత తిరిగి తెలుగులోకి వచ్చేసరికి ‘పాపు’ అయ్యాడు, ‘గోవిందమ్మ’ ‘కోవిందమ్మాళ్’ అయింది. దీనికి తోడు తెలుగువారు పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరం పెడతారు, తమిళ పద్ధతిలో అక్కడ తండ్రి పేరో భర్త పేరో వస్తుంది. ఒకే మనిషి ఒక శిబిరంలో ఒక ఇనిషియల్‌తో, ఇంకో చోట ఇంకో ఇనిషియల్‌తో నమోదై, జాబితాలో ఇద్దరిగా నిలబడ్డారు. దీన్ని కొలవడానికి మీ జాబితాలో ఒకే ఫోను నంబరుతో రెండు పేర్లున్న వరుసలను వేరుచేసి, వాటిలో నిజంగా ఇద్దరు మనుషులు ఎన్నింట ఉన్నారో ఫోన్ చేసి కనుక్కోండి. మేము ఆ తరువాత పేరును గుర్తింపుగా వాడటం మానేసి, ప్రతి కుటుంబానికీ చీటీ మీద ఒక సంఖ్య ఇవ్వడం మొదలుపెట్టాం. పేరును చెప్పినవారి నోటి ఉచ్చారణ ప్రకారం, వారి భాషలోనే రాస్తున్నాం.

ఎస్ఎంఎస్ సంగతి కూడా సమీక్షలో చేర్చండి. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక సందేశానికి 160 గుర్తులు పడితే, తెలుగులో గానీ తమిళంలో గానీ 70 మాత్రమే పడతాయి. గుణింతపు గుర్తు, పొల్లు, సున్న అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘వెళ్లండి’ అన్న మాట కంటికి మూడు అక్షరాలు, సందేశానికి ఎనిమిది గుర్తులు. ‘నీరు పెరుగుతోంది, పై అంతస్తుకు వెళ్లండి’ అన్నంత చిన్న వాక్యమే 39 తింటుంది. దాని వెనక సంఘం పేరు, అధ్యక్షుల పేరు తగిలిస్తే సందేశం రెండు ముక్కలవుతుంది, ఖర్చూ రెట్టింపవుతుంది. పేర్ల మీద మోజును ఈ లెక్క ఒక్కటే అదుపులో పెట్టగలిగింది. పైగా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం పెద్దసంఖ్యలో పంపే ఎస్ఎంఎస్‌లకు పంపేవారి పేరును, సందేశపు నమూనాను ముందే నమోదు చేయాలి. వాన మొదలయ్యాక నమూనా రాసుకుందామంటే కుదరదు.

ఆరో మెట్టు: మనుషుల వివరాలు ఎక్కడెక్కడ మిగిలాయి

2022 జనవరిలో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సంఘం సర్వర్లపై జరిగిన సైబర్ దాడిలో 5,15,000 మందికి పైగా వివరాలు బయటివారి చేతికి చిక్కాయి. వారిలో తప్పిపోయినవారు, యుద్ధం వల్ల కుటుంబాలకు దూరమైనవారు ఉన్నారు. అంత పెద్ద సంస్థకే అలా జరిగినప్పుడు, ‘లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు’ అన్న ఏర్పాటుతో వదిలేసిన మన షీటు గురించి వేరే చెప్పనక్కర లేదు. అందులో ఒంటరి వృద్ధుల చిరునామాలు, రోగాల పేర్లు, ఆధార్ ఫొటోలు ఉంటాయి.

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. విపత్తు వేళ సహాయం అందించడానికి వ్యక్తి వివరాలను వాడుకోవడానికి అది చోటిచ్చింది గానీ, ఆ వివరాలను అజాగ్రత్తగా పడేయడానికి కాదు. సమీక్షలో ఫారంలోని ఒక్కొక్క గడి మీద వేలు పెట్టి, దీనివల్ల ఏ నిర్ణయం మారిందని అడగండి. శిబిరంలో ఎంతమంది ఉన్నారన్న గడి వల్ల నిర్ణయం మారుతుంది: విపత్తు సహాయానికి అంతర్జాతీయంగా పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు కావాలి గనక, 300 మంది అంటే 4,500 లీటర్లు, అంటే ట్యాంకరు ఈ సాయంత్రమే రావాలి. కులం గడి వల్ల మా దగ్గర ఏ నిర్ణయమూ మారలేదు. అది ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో చివరికీ తేలలేదు, తీసేశాం. ఆధార్ ఫొటోలు ఎవరెవరి గ్యాలరీల్లో ఉన్నాయో అడిగి, ఎదురుగా కూర్చుని చెరిపించండి. ఈ పని మొహమాటంగా ఉంటుంది, అయినా చేయాలి.

ఏడో మెట్టు: ఫోన్ చేయనివారి దగ్గరకు వెళ్లడం

ఇప్పటిదాకా చూసినవన్నీ మనకు ఫోన్ చేసినవారి కథలు. కూవం, అడయారు ఒడ్డు బస్తీల్లో, ఉత్తర చెన్నైలో తిరువొత్తియూరు, ఎన్నూరు వైపు తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల్లో చాలామంది మన నంబరుకు ఫోన్ చేయలేదు. ఇద్దరిద్దరుగా ఒక సాయంత్రం వెళ్లి, ఫారం బయటికి తీయకుండా కూర్చుని అడగండి. మేము వెళ్లినప్పుడు ఒక పెద్దావిడ, “మీ నంబరు నా మనవడి ఫోన్లో ఉందయ్యా, వాడేమో డ్యూటీకి పోయాడు. నాకు తెలిసింది మా వీధి కౌన్సిలరు ఇల్లొకటే” అన్నారు. కరపత్రంలో తెలుగు ఉంటే చాలనుకున్న మా ఊహ అక్కడే పోయింది, ఆమెకు ఏ లిపీ చదవడం రాదు. ఆ ఒక్క సాయంత్రంతో, వీధికొక మనిషిని ముందే ఎంచుకుని ఆ మనిషితోనే మాట్లాడే పద్ధతి మా జాబితాలో మొదటి స్థానానికి వచ్చింది, కొత్త యాప్ ప్రతిపాదన కిందికి జారింది.

ఎనిమిదో మెట్టు: కూర్చుని తేల్చుకోవడం

ఇరవై మొరల పట్టికను గోడకు అంటించి సమావేశం పెట్టండి. రెండున్నర గంటలు చాలు. ముందు రాత్రి షిఫ్టు పిల్లల చేత మాట్లాడించండి, అధ్యక్షులు, కార్యదర్శులు చివర మాట్లాడాలి. పెద్దలు ముందు మాట్లాడితే చిన్నవారు ‘అవునండీ’ అనడానికే పరిమితమవుతారని మనందరికీ తెలుసు. ‘ఎవరి తప్పు’ అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా, సమావేశం నడిపేవారు పట్టికలోని సమయం వైపు చెయ్యి చూపితే చాలావరకు చల్లబడుతుంది.

ప్రతి పరికరానికీ మూడింట్లో ఒక తీర్పు రావాలి: ఉంచాలి, బాగుచేయాలి, మానేయాలి. మూడోది రాయడానికే ఎక్కువ ధైర్యం కావాలి. విరాళంగా వచ్చిన డ్రోన్ మా గదిలో రెండేళ్లు పెట్టెలో ఉంది. నడపడానికి శిక్షణ పొందినవారు లేరు, వానలో ఎగరదు, దాత నొచ్చుకుంటారని ఎవరూ మాట ఎత్తలేదు. చివరికి దాతకే చెప్పి ఒక పాలిటెక్నిక్ విద్యార్థులకు ఇచ్చేశాం, ఆయన సంతోషించారు.

బాగుచేయాలన్న ప్రతి అంశానికీ ఒక్క మనిషి పేరు, ఒక్క తేదీ ఉండాలి. ‘కమిటీ చూసుకుంటుంది’ అన్న మాట పట్టికలో కనబడితే కొట్టేయండి. తేదీలన్నీ సెప్టెంబరు 15 లోపు పడాలి. ఆ నెల చివరి ఆదివారం మెయిన్ స్విచ్ మళ్లీ ఆపి, పోయినసారి పట్టికలోని ఇరవైలోంచి అన్నిటికంటే ఆలస్యమైన ఐదు మొరలను పేర్లు మార్చి, గదిలో ఎవరికీ ముందు చెప్పకుండా ఫోన్ చేయించండి. గోడ గడియారం కింద ఒకరు కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుని, ఈసారి రిజిస్టరు నుంచి షీటుకు ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోవాలి.